నేరోబోట్ల రేవు నడపడం ఎలా: బెర్తు అద్దె నుంచి బోటు తయారీ దాకా

ఇంగ్లండ్ కాలువల మీద మరీనా, అంటే నేరోబోట్లనే సన్నటి పొడవాటి పడవలకి రేవు, పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువమంది నన్ను ముందు బోటు తయారీ గురించే అడుగుతారు. ఉక్కు రేకు కోత, వెల్డింగ్ రవ్వలు, కొత్త రంగు వాసన మనసుని లాగే మాట నిజమే. నేను మాత్రం వాళ్లని ముందు పాంటూన్ల మీదికి, అంటే నీటి మీద తేలే నడకపలకల మీదికి, తీసుకెళ్తాను. జనవరి పొద్దున, పలకల మీద మంచు పేరుకుని ఉన్నప్పుడైతే మరీ మంచిది. అటూ ఇటూ వరసగా తాళ్లకి కట్టి ఉన్న పడవల్ని చూపించి, మన జీతాలు వచ్చేది ఈ తాళ్ల మీద నుంచే అని చెప్తాను.

ఈ వ్యాసం చివరిదాకా నా మాట ఒకటే. ముందు బెర్తులు, అంటే పడవలు కట్టి ఉంచే చోట్లు, నింపండి. వాటి తర్వాత పడవల్ని పైకెత్తి బాగుచేసే పని, ఆ తర్వాత పాత బోట్ల అమ్మకం. కొత్త బోటు తయారీ అన్నిటికంటే చివర. ఈ వరస తిరగేసి మొదలుపెట్టినవాళ్లు నష్టపోవడం చూశాను. వాళ్లతో పాటు వాళ్లని నమ్మి డబ్బు కట్టినవాళ్లూ నష్టపోయారు.

ముందు ఏడడుగుల లాకు సంగతి

గోదావరి జిల్లాల వాళ్లకి లాకు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా కాలువల్లో సాగునీటితో పాటు పడవలూ నడిచాయి. నీటిమట్టం మారే చోట, తలుపుల మధ్య నీళ్లు నింపి వదిలి పడవని ఎక్కించి దించే లాకులు కట్టారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. ఇంగ్లండ్‌లో ఆ పని గుర్రాలు చేశాయి. కాలువ పక్కనే ఇప్పటికీ నడకబాట ఉండడానికి కారణం అదే. తేడా ఏమిటంటే, ఇక్కడి కాలువలు పొలాలు తడపడానికి తవ్వినవి కావు. బొగ్గు, పింగాణీ, సున్నపురాయి మోయడానికి తవ్వారు. నీళ్లు దాదాపు నిలిచే ఉంటాయి. పేరుకి కాలువ, తీరులో పొడవాటి చెరువు.

ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకి 1766లో పార్లమెంటు అనుమతి వచ్చింది. దాని ఇంజినీరు జేమ్స్ బ్రిండ్లీ చాలా లాకుల్ని సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టించాడు. మధ్య ఇంగ్లండ్‌లోని కాలువలు ఎక్కువ భాగం అదే కొలత పట్టుకున్నాయి. నేరోబోటు వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు కావడానికి కారణం ఆ ఒక్క నిర్ణయం. పొడవు 70 అడుగుల దాకా ఉండవచ్చు. అయితే ఉత్తరాన కాల్డర్ అండ్ హెబుల్ జలమార్గం లాంటి చోట్ల లాకులు పొట్టివి. అందుకే దాదాపు దేశమంతా తిరగాలనుకునేవాళ్లు 57 అడుగుల బోటు కోరతారు.

మీ రేవు గీత గీసేటప్పుడు ఈ కొలతలు కళ్ల ముందు ఉండాలి. ఎక్కువ బెర్తులు 57 నుంచి 60 అడుగుల బోట్లకి సరిపడేలా, కొన్ని 70 అడుగులవాటికి, కొన్ని పొట్టివాటికి పెట్టుకోండి. 10, 12 అడుగుల వెడల్పుండే వైడ్‌బీమ్ బోట్లు ఈమధ్య బాగా పెరిగాయి. వాటికి చోటు ఇవ్వాలా వద్దా అన్నది మీ కాలువే చెప్తుంది. గ్రాండ్ యూనియన్ కాలువ దక్షిణ భాగంలో అవి తిరుగుతాయి కానీ వాట్‌ఫర్డ్, ఫాక్స్‌టన్ లాకుల్లో పట్టవు. తిరగలేని బోటుకి బెర్తు అద్దెకిస్తే ఆ మాట యజమానికి ముందే చెప్పండి.

స్థలం, అనుమతులు, నీరు

ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 2,000 మైళ్ల జలమార్గాలు కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చేతిలో ఉన్నాయి. 2012 జులైలో బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి బాధ్యత దానికి వచ్చింది. మీ సొంత పొలంలో గుంట తవ్వుకోవచ్చు. ఆ గుంటని కాలువతో కలపాలంటే మాత్రం ట్రస్ట్‌తో నెట్‌వర్క్ యాక్సెస్ అగ్రిమెంట్ చేసుకోవాలి. దానికి ఏటా కట్టే రుసుము మామూలుగా బెర్తుల ఆదాయంలో 9 శాతం. మెలిక ఏమిటంటే, అది మీకు నిజంగా వచ్చిన ఆదాయం మీద కాదు, రేవు పూర్తిగా నిండితే వచ్చే ఆదాయం మీద లెక్క. 150 బెర్తులు కట్టి 60 నింపినా రుసుము 150కే పడుతుంది. మొదటి ఏళ్లకి తగ్గింపు ఏమైనా ఉందేమో సంతకానికి ముందే మాట్లాడుకుని ఒప్పందంలో రాయించుకోండి. రేవుని దఫాలుగా కట్టమని నేను చెప్పేది కూడా ఇందుకే. తవ్వకం ఒకేసారి చేసినా పాంటూన్లు, బెర్తులు గిరాకీని బట్టి వేసుకోవచ్చు.

స్థానిక కౌన్సిల్ ప్లానింగ్ అనుమతి ఇంకో గడప. విహారానికి వచ్చే బోట్లకి అనుమతి వేరు, జనం ఇల్లులా ఉండిపోయే బెర్తులకి అనుమతి వేరు. విహారపు బెర్తుల్లో ఏడాదంతా కాపురముండనిచ్చి చూసీచూడనట్టు పోయే రేవులు ఉన్నాయి. అలా చేయొద్దు. కౌన్సిల్ నోటీసు వచ్చిన రోజున వీధిన పడేది మీరు కాదు, పడవలో ఉన్న కుటుంబం. నివాస బెర్తులు కావాలంటే మొదటి దరఖాస్తులోనే అడగండి.

నీటి మాటకొస్తే, ఒక సన్న లాకు ఒక్కసారి నింపి వదిలితే లక్ష లీటర్లకు పైగా నీరు కిందికి పోతుంది. కొత్త రేవు వస్తే లాకుల రాకపోకలు పెరుగుతాయి కాబట్టి ఆ కాలువకి నీరు చాలుతుందా అని ట్రస్ట్ లెక్క కడుతుంది. వేసవి ఎండలకి జలాశయాలు అడుగంటి రాకపోకలు ఆగిన కాలువలు ఉన్నాయి. కొనబోయే స్థలం అలాంటి భాగంలో ఉందేమో ముందు కనుక్కోండి.

తవ్వేటప్పుడు అడుగున, గట్ల మీద మెత్తగా తొక్కిన బంకమట్టి పరుస్తారు. లీకు రాకుండా కాపాడేది ఆ పొరే. ముఖద్వారం దగ్గర రెండు పక్కలా గాడులు పెట్టించండి. అవసరమైనప్పుడు ఆ గాడుల్లో చెక్కలు దించితే రేవుని కాలువ నుంచి వేరు చేయవచ్చు. ఖర్చు చిన్నది, కానీ గట్టు తెగిన రాత్రి పడవలన్నిటినీ కాపాడేది అదే.

ఇక గాలి. నేరోబోటు నీటిలో దిగేది రెండడుగులు, రెండున్నర అడుగులు. పైన గోడలా పొడుగ్గా నిలబడుతుంది. గాలి పక్క నుంచి కొడితే అనుభవమున్న సరంగు కూడా తడబడతాడు. ఇక్కడ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. బెర్తులు ఆ గాలికి అడ్డంగా కాకుండా దాని వాలున పెట్టండి. వరసల మధ్య నీళ్లు పొదుపు చేయకండి. కాగితం మీద రెండు బెర్తులు ఎక్కువ వస్తాయని దారి ఇరుకు చేస్తే, ఆ రెండింటి అద్దె గీతలు పడ్డ పడవల తగాదాలకే పోతుంది.

బెర్తులు: రేవుకి గుండె

బెర్తు ఒప్పందం మామూలుగా ఏడాదికి ఉంటుంది, అద్దె బోటు పొడవుని బట్టి. కొత్త బోటు లోపలికి రానిచ్చే ముందు మూడు కాగితాలు చూడాలి. ట్రస్ట్ లైసెన్సు, బీమా, బోట్ సేఫ్టీ స్కీమ్ సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ నాలుగేళ్లు చెల్లుతుంది. నియమాల ప్రకారమే కట్టామని తయారీదారు ఇచ్చే అనుగుణ్యతా ప్రకటనతో వచ్చిన కొత్త బోటుకి మొదటి నాలుగేళ్లూ అది అక్కర్లేదు. గడువు తేదీలు మీ దగ్గర ఒక పట్టికలో రాసుకుని, నెల ముందు యజమానికి ఫోన్ చేయండి. గడువు దాటాక జరిమానా ఉత్తరం రాసేకంటే అది మేలు.

బెర్తుకి గిరాకీ ఎందుకుంటుందో తెలుసుకుంటే మాట్లాడడం సులువు. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం సొంత రేవు లేని బోటు ఒక చోట 14 రోజులకి మించి ఆగకుండా ప్రయాణం చేస్తూ ఉండాలి. అలా తిరుగుతూ ఉండేవాళ్ల లైసెన్సు మీద 2024 ఏప్రిల్ నుంచి అదనపు రుసుము కూడా మొదలైంది. పిల్లల బడి, ఉద్యోగం, ముసలితనం, ఏదో ఒకటి వాళ్లని ఒక చోటికి తెస్తుంది. అలా వచ్చేవాళ్లు చాలాసార్లు ఆందోళనతో వస్తారు. మొదటి రోజు తాడు పట్టుకుని కట్టించి, నీళ్ల కుళాయి ఎక్కడో, చెత్త ఎక్కడ వేయాలో పక్కనుండి చూపించండి. పదేళ్లు ఉండిపోతారు.

బెర్తుకి కావలసిన సౌకర్యాలు చెప్పుకుంటే చిన్నవే, కానీ రోజూ తగిలేవి. నీళ్ల కుళాయిలు, కరెంటు స్తంభాలు, క్యాసెట్ మరుగుదొడ్డి (చేత్తో తీసే డబ్బా ఉండేది) పారబోసే చోటు, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే పంపు, గ్యాసు, బొగ్గు, డీజిల్. కరెంటు మామూలుగా 16 ఆంపియర్ల నీలం సాకెట్‌తో ఇస్తారు. ప్రతి బెర్తుకీ మీటరు పెట్టండి. గృహ అవసరానికి తిరిగి అమ్మే కరెంటు మీద నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ గరిష్ఠ ధర నియమం ఉంది, మీరు కొన్న రేటు మీద లాభం వేసుకోకూడదు. మీ బిల్లు ప్రతిని నోటీసు బోర్డు మీద పెట్టేయండి, అనుమానమే రాదు.

ఎర్ర డీజిల్ (తక్కువ పన్నుతో వచ్చే, రంగు కలిపిన డీజిల్) అమ్మాలంటే పన్నుల శాఖ దగ్గర డీలరుగా నమోదు కావాలి. ఇంజిను నడపడానికి ఎంత వాటా, వేడికీ కరెంటుకీ ఎంత వాటా అన్నది కొనేవాడు ప్రకటించి సంతకం పెట్టాలి. చాలామంది 60, 40 అని రాస్తారు. ఆ వాటా మీరు నిర్ణయించకండి, రసీదులు మాత్రం జాగ్రత్తగా దాచండి. నిల్వ ట్యాంకు అడుగున చేరే నీటిని తరచు తీయండి. డీజిల్‌లో నీరు నిలిస్తే సూక్ష్మజీవులు పెరిగి జిగురులా మారి, నడికాలువలో ఇంజిను ఆగిపోతుంది.

భద్రత దగ్గర నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను. రాత్రిపూట పాంటూన్ మీంచి జారి పడినవాళ్లకి చన్నీటి దెబ్బకి వెంటనే అరవడానికి ఊపిరి అందదు, కొద్ది నిమిషాల్లో చేతులు మొరాయిస్తాయి. ప్రతి పాంటూన్‌కీ నీటిలోపలికి దిగే నిచ్చెన, నీటిలో పడ్డవాళ్లకి విసిరే తేలే చక్రం, మసక దీపం ఉండాలి. పలకల మీద జారకుండా తీగ జాలి కొట్టించండి. నీటిలో చేయి పెట్టి పనిచేసే వాళ్లకి ఎలుక మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ గురించి చెప్పి, గాయాలకి కట్టు కట్టుకుని దిగమనండి. ఇక పొగ. పడవలో పొయ్యి వేసుకుని కిటికీలు మూసి పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. 2019 ఏప్రిల్ నుంచి దాని అలారం తప్పనిసరి. అక్టోబరులో చలి మొదలవగానే ప్రతి పడవ తలుపూ తట్టి అలారం బటన్ నొక్కి చూడమంటాను. కొందరు విసుక్కుంటారు. అయినా తడతాను.

పడవని పైకెత్తడం, తారు పూత

రేవులోనే ఉన్న గిరాకీతో మొదలయ్యే రెండో వ్యాపారం ఇది. మీ బెర్తుల్లో ఉన్న ప్రతి ఉక్కు బోటునీ రెండు మూడేళ్లకోసారి నీళ్లలోంచి తీసి అడుగుకి నల్ల తారు పూయాలి. వాళ్లు ఇంకో రేవుకి వెళ్లి చేయించుకుంటుంటే అది మీ లోపమే.

పైకెత్తడానికి నాలుగు దారులు: నీళ్లు తోడే డాకు, వాలు గట్టు మీద లాగే బండి, హైడ్రాలిక్ ట్రైలర్, క్రేను. 57 అడుగుల బోటు 17, 18 టన్నులు తూగుతుంది. రోజువారీ పనికి నేను ట్రైలర్ వైపే మొగ్గుతాను, క్రేనుని పిలిపించే ఖర్చు ప్రతిసారీ ఉండదు. ఎత్తే యంత్రాన్ని ఏడాదికోసారి, పట్టీలూ గొలుసుల్ని ఆరు నెలలకోసారి నిపుణుడి చేత తనిఖీ చేయించాలని 1998 నాటి నిబంధనలు చెప్తున్నాయి. తేదీ దాటిన పట్టీని కోసి పారేయండి, మూలన పెడితే ఎవరో ఒకరు వాడతారు.

పని ఇలా సాగుతుంది. పడవ పైకి రాగానే, తడి ఆరకముందే, ఒత్తిడి నీటితో కడగాలి. నాచు, నత్తగుల్లలు ఆరితే రాయిలా పట్టేస్తాయి. ఒక్క గంట టీ తాగడానికి ఆగినా మర్నాడంతా గీకుతూ కూర్చోవాలి. కడిగిన నీరు కాలువలోకి పోకూడదు, దాన్ని పట్టి వడకట్టే గుంట కట్టుకోండి. తర్వాత తుప్పు పొరలు గీకి, తీగబ్రష్ కొట్టి, ఉక్కు మొత్తం కళ్లతో, చేత్తో చూడండి. నీటి గీత దగ్గర, వెనక ప్రొపెల్లర్ వైపు సన్నబడే చోట గుంటలు పడతాయి. ఆరాక రెండు మూడు పూతలు వేయాలి. పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఇవ్వండి, నీటి గీత మీద ఒక పూత అదనం. నీళ్లలోకి దించే ముందు ఇంకో రెండు రోజులు ఆరనివ్వండి. యజమాని తొందరపెడతాడు, ఒప్పుకోకండి.

రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ పూత ఎక్కువ ఏళ్లు ఉంటుంది. దానికి ఇసుకలాంటి గరుకు రవ్వతో కొట్టి ఉక్కుని మెరిసేదాకా శుభ్రం చేయాలి. పాత తారు మీద ఎపాక్సీ వేస్తే నిలవదు, లేచిపోతుంది. చలిలో గట్టిపడదు కాబట్టి వెచ్చని షెడ్డు లేకుండా చలికాలంలో ఎపాక్సీ పని ఒప్పుకోవద్దు.

అడుగున తగిలించే ఆనోడ్లనే లోహపు దిమ్మెల గురించి ఒక మాట. మంచినీటి కాలువలో మెగ్నీషియం ఆనోడ్లు వాడతారు, జింకు ఉప్పునీటికి. బోటు ఉక్కు బదులు అవి తినబడతాయి. కానీ పాంటూన్ కరెంటుకి తగిలించిన బోట్లన్నీ ఎర్త్ తీగ ద్వారా ఒకదానితో ఒకటి కలిసి, కాలువ నీటితో కలిపి ఒక పెద్ద బ్యాటరీ అయిపోతాయి. ఏ బోటు లోహం చురుకైనదో దాన్ని ముందు తినేస్తుంది. ఎర్త్ తీగలో గాల్వానిక్ ఐసొలేటర్ పెడితే ఆ చిన్న విద్యుత్తు ఆగుతుంది, ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అయితే ఇంకా మంచిది. దాన్ని బెర్తు ఒప్పందంలోనే షరతుగా పెట్టమంటాను. ఒకసారి మా దగ్గరికి వచ్చిన బోటుకి రెండేళ్లలోనే ఆనోడ్లు పూర్తిగా కరిగి, ఉక్కు మీద చిటికెన వేలి గోరంత గుంటలు పడ్డాయి. అంతకు ముందున్న రేవులో ఎవరూ ఆ మాట చెప్పలేదని ఆ దంపతులు చెప్పారు.

పాత బోట్ల అమ్మకం

బెర్తులు, మరమ్మతు నడుస్తుంటే అమ్మకం దానంతటదే తలుపు తడుతుంది. మీ రేవులో ఒకరు వయసు మీదపడి బోటు అమ్ముకోవాలంటారు, ఇంకొకరు బోటుతో పాటు బెర్తు కూడా కావాలంటారు. ఇద్దరినీ కలిపితే మీకు కమిషను. సాధారణంగా ధరలో 6 నుంచి 8 శాతం, పైన వ్యాట్.

మొదట యాజమాన్యం. నేరోబోటుకి ఇల్లు రిజిస్ట్రేషన్ లాంటి తప్పనిసరి పత్రం లేదు. ట్రస్ట్ లైసెన్సులో పేరు ఉన్నంత మాత్రాన బోటు ఆయనదని అర్థం కాదు. వెనకటి అమ్మకపు పత్రాలు గొలుసులా అడగండి, అప్పు ఏదైనా ఉందేమో కనుక్కోండి. భార్యాభర్తలు విడిపోయిన ఇళ్ల బోట్లకి ఇద్దరి సంతకాలూ తీసుకోండి. 1998 జూన్ 16 తర్వాత మార్కెట్‌లోకి వచ్చిన బోటుకి రిక్రియేషనల్ క్రాఫ్ట్ నియమాల ప్రకారం పత్రాలు, 14 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. లేకపోతే అమ్మే ముందే ఆ విషయం తేలాలి.

వివరణ రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయండి. తారు ఎప్పుడు పూశారో, ఇంజిను ఎన్ని గంటలు నడిచిందో, అడుగున ఎక్కడైనా అదనపు రేకు వేశారో లేదో. కొనేవాళ్లు మామూలుగా 10 శాతం బయానా కడతారు. ఆ డబ్బు మీది కాదు. వేరే క్లయింట్ ఖాతాలో ఉండాలి, జీతాలకి సర్దుబాటు చేసుకోకూడదు. సర్వేకి లోబడి అని కాగితం మీద రాసి, బోటుని పైకెత్తి, కొనేవాడు పెట్టుకున్న సర్వేయర్ చేత అల్ట్రాసౌండ్‌తో మందం కొలిపించండి. 4 మిల్లీమీటర్ల కంటే పల్చబడితే బీమా కంపెనీలు చాలావరకు వెనక్కి తగ్గుతాయి. అప్పుడు ధర మళ్లీ మాట్లాడాలి లేదా బయానా తిరిగివ్వాలి. సర్వేయర్‌ని మీరు సిఫార్సు చేయకండి, ముగ్గురు నలుగురి జాబితా ఇచ్చి ఊరుకోండి.

మీరే కొని, మీ పేరు మీద తిరిగి అమ్మే బోటు వేరు. అక్కడ మీరు వ్యాపారి, 2015 వినియోగదారు హక్కుల చట్టం పూర్తిగా వర్తిస్తుంది. లోపముంటే మొదటి 30 రోజుల్లో తిప్పి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంది. బోటు అమ్మితే బెర్తు కూడా దానితో పోతుందా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పోదు, కొత్త యజమాని మీతో కొత్త ఒప్పందం చేసుకోవాలి. ఇది బేరానికి ముందే చెప్పండి.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టు, కమిషను అందాక కొన్నవాడిని వదిలేసే బ్రోకర్లు ఉన్నారు. లాకు ఎప్పుడూ దాటని మనిషికి తాళం చెవి ఇచ్చి పంపేయకండి. ఒక పూట పక్కన నిలబడి, దగ్గర్లోని లాకు ఒకటి దాటించండి. కిందికి దిగేటప్పుడు లాకు వెనక తలుపు దగ్గర నీళ్లలో ఉండే రాతి గడప మీద బోటు వెనక భాగం తట్టుకుంటే, ముందు భాగం కిందికి దిగిపోయి నిమిషాల్లో మునుగుతుంది. ఆ గడప ఎక్కడుందో వేలితో చూపించండి.

కొత్త బోటు తయారీ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. నేరోబోటులో రెండూ ఉన్నాయి. అది ఇల్లు, పైగా మోసేది ఒక కుటుంబం కలని.

ఉక్కు కొలతలు అందరూ వాడేవి 10, 6, 5, 4. అడుగు పలక 10 మిల్లీమీటర్లు, నీటి పక్క గోడలు 6, గది గోడలు 5, పైకప్పు 4. అడుగు పలక సమంగా పరిచి, దాని మీద అడ్డ బద్దీలు వెల్డ్ చేసి, గోడలు నిలబెడతారు. ముందూ వెనకా సన్నబడే వంపులే తయారీదారు చేతివాటానికి పరీక్ష. వెనక వంపు పొడుగ్గా, మెల్లగా సన్నబడితే నీరు ప్రొపెల్లర్‌కి చక్కగా అందుతుంది, చుక్కాని మాట వింటుంది. ఉక్కు పొదుపు కోసం వంపు పొట్టిగా చేస్తే బోటు జీవితాంతం కాలువ గట్లని అలలతో కొడుతూనే ఉంటుంది. మొదలుపెట్టేవాళ్లు తొట్టిని, అంటే బోటు ఉక్కు ఒంటిని, మంచి తయారీదారు దగ్గర కొని, లోపలి పని మాత్రం తాము చేయమని నా సలహా. వెల్డింగ్ షెడ్డు, క్రేను, నిపుణులు ఇవన్నీ మొదటి రోజునే మోయలేరు.

ఇంజినుని చల్లబరచడానికి కాలువ నీటిని లోపలికి లాగరు, చెత్తతో మూసుకుపోతుంది. తొట్టి గోడకి లోపలి వైపు పల్చటి తొట్టెలాంటి స్కిన్ ట్యాంకు వెల్డ్ చేసి, ఇంజిను వేడి నీటిని అందులో తిప్పుతారు. ప్రతి 4 అశ్వశక్తికి ఒక చదరపు అడుగు ట్యాంకు అన్నది పాత లెక్క, కాలువ మీద ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. చిన్న ట్యాంకు పెట్టిన బోటు కాలువలో బాగానే ఉంటుంది, నదిలో ప్రవాహానికి ఎదురెళ్లిన రోజున మాత్రం వేడెక్కిపోతుంది. ప్రొపెల్లర్‌కి చిక్కిన గుడ్డలూ తాళ్లూ తీయడానికి దాని పైన ఒక మూత ఉంటుంది. దాన్ని బిగించడం మరిచిపోయి ఇంజిను వేస్తే బోటు మునుగుతుంది. అందుకని మూత గట్టిగా కూర్చునే పట్టీ మంచిది పెట్టండి, అక్కడ ఖర్చుకి వెనకాడకండి.

తొట్టి తేలాక బరువు సర్దాలి. ఇంజినీరింగ్ ఇటుకలు, పేవింగ్ రాళ్లు నేల కింద పేరుస్తారు. ముందు భాగంలో ఉండే నీళ్ల ట్యాంకు నిండినప్పుడు ముక్కు కిందికి, ఖాళీ అయినప్పుడు పైకి వస్తుంది. అందుకే ట్యాంకు సగం నింపి సమం చేయండి. నేల పలకలు కొన్ని మేకులు లేకుండా వదలండి, యజమాని పుస్తకాలూ పొయ్యీ చేర్చాక రాళ్లు అటూ ఇటూ జరపాల్సిందే.

గోడల మీద ఫోమ్ కొట్టాక వైర్లు. 12 వోల్టుల కరెంటు 17 మీటర్ల బోటు చివరికి వెళ్లి తిరిగి రావాలంటే 34 మీటర్ల రాగి దాటాలి. తీగ సన్నమైతే ముందున్న ఫ్రిజ్‌కి 11 వోల్టులు కూడా చేరవు, బ్యాటరీ చెడిపోయిందని యజమాని కొత్తవి కొంటూనే ఉంటాడు. లెక్కకి వచ్చిన మందం కంటే ఒక మెట్టు పైది వేయండి. గ్యాసు సిలిండర్ల పెట్టె మాత్రం లోపలి గదులకి పూర్తిగా మూసి ఉండాలి. ప్రొపేన్ గాలి కంటే బరువు కాబట్టి, లీకయితే పడవ అడుగున చేరకుండా ఆ పెట్టె కింద నుంచి బయటికి పోయే రంధ్రం నీటి గీత పైన ఉండాలి.

కాగితాల పని చివరికి వాయిదా వేయకండి. 2017 రిక్రియేషనల్ క్రాఫ్ట్ నిబంధనల్లో నేరోబోటు మామూలుగా డి వర్గం కింద వస్తుంది, అంటే చిన్న అలలుండే లోపలి నీళ్లు. ఆ వర్గానికి తయారీదారే అనుగుణ్యతా ప్రకటన ఇవ్వవచ్చు. కానీ దాని వెనక సాంకేతిక ఫైలు నిజంగా ఉండాలి, పదేళ్లు దాచాలి. యజమాని పుస్తకం, తయారీదారు పలక, గుర్తింపు సంఖ్య కూడా ఉండాలి. ఆ సంఖ్య రెండు చోట్ల వేయాలి, ఒకటి కంటికి కనబడని చోట.

ఇప్పుడు డబ్బు సంగతి, నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. బోటు తయారీ నెలల పని. కొనేవాళ్లు విడతలుగా కడతారు. మూడో బోటు బయానాతో మొదటి బోటు ఇంజిను కొనడం చాలామంది తయారీదారులు చేసే పని. ఆర్డర్లు వస్తున్నంత కాలం అది కనబడదు. రెండు నెలలు ఆర్డర్లు ఆగగానే షెడ్డులో సగం కట్టిన మూడు తొట్టిలు, బయట ఇళ్లు అమ్ముకుని డబ్బు కట్టిన మూడు కుటుంబాలు మిగులుతాయి. ఒప్పందంలో ఆ తొట్టి ఎవరిదో రాసి లేకపోతే, అప్పులవాళ్లు దాన్ని తీసుకెళ్తారు. అలా పింఛను డబ్బంతా పోగొట్టుకున్న ఒక పెద్దాయన మా పాంటూన్ మీద నిలబడి ఖాళీ బెర్తు వైపు చూస్తూ ఉండిపోవడం నేను చూశాను. బెర్తు ముందే బుక్ చేసుకున్నాడు, బోటు రాలేదు.

అందుకని ప్రతి విడతనీ కళ్లకి కనబడే పనికి ముడిపెట్టండి: ఉక్కు వచ్చినప్పుడు, తొట్టి పూర్తయినప్పుడు, ఇంజిను కూర్చున్నప్పుడు, లోపలి పని సగమయినప్పుడు. డబ్బు కట్టిన మేరకు ఉక్కూ సామానూ కొనేవాడి సొంతమని ఒప్పందంలో రాయండి. తొట్టి మీద గుర్తింపు సంఖ్య మొదట్లోనే కొట్టి, దాని ఫోటో వాళ్లకి పంపండి. ఒక్కో బోటు డబ్బు ఒక్కో ఖాతాలో ఉంచండి. ఏడాదికి రెండో మూడో బోట్లు మాత్రమే ఒప్పుకోండి. ఆర్డర్లు ఆగిన నెలల్లో జీతాలు బెర్తుల అద్దెలోంచి వచ్చేలా లెక్క వేసుకోండి. మొదట బెర్తులు నింపమని చెప్పింది ఈ నెలల కోసమే.

చివరి విడత కొంత మిగిలి ఉండగానే బోటుని మీ రేవులోనే ఒక బెర్తుకి కట్టి, యజమానిని రెండు వారాలు అందులో పడుకోమనండి. పొయ్యి వెలిగించి, స్నానం చేసి, వాన కురిసిన రాత్రి కిటికీల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోట నీటిని ఆపే గ్లాండ్ నుంచి చుక్కలు ఎక్కువ కారుతుంటే ఒక మెలిక బిగించాలి. బోటు ఒక పక్కకి వాలితే నేల పలక ఎత్తి నాలుగు రాళ్లు అటు జరపాలి. వాళ్లు కాగితం మీద రాసుకొచ్చిన ప్రతి చిన్న ఫిర్యాదూ తీరాక, మిగిలిన డబ్బు తీసుకుని ముందు తాడు మీ చేత్తో విప్పండి.